చీటీలో రాయని మాటలు

ఇంట్లో డాక్టరు ఉన్న కుటుంబాలవారు మాతో తరచుగా చెప్పే మాట ఒకటుంది. "మావారు రాత్రి తొమ్మిదింటికి వస్తారండీ. అన్నం తింటారు. టీవీ ముందు కూర్చుంటారు. ఏమైందండీ అంటే ఏం లేదంటారు. మొహం చూస్తే ఏదో ఉందని తెలుస్తూనే ఉంటుంది." కొందరు తల్లులు కొడుకుల గూర్చి, కొందరు భర్తలు డాక్టరమ్మలైన భార్యల గూర్చి ఇదే మాట చెబుతారు. ఆ 'ఏదో' ఏమిటి? దాన్ని ఎక్కడ దించుకోవాలి? ఈ నెల మన శీర్షికలో దీన్ని గూర్చి ఆలోచిద్దాం. డాక్టర్లు లేని ఇళ్లవారు కూడా పేజీ తిప్పేయకండి. మనందరికీ ఎక్కడో ఒక డాక్టరుగారు ఉన్నారు. ఆయన మనసు బాగుంటేనే మన నాడి సరిగ్గా దొరుకుతుంది.

ఎరిగినవారి బరువు

మన గోదావరి జిల్లాల్లో ఫ్యామిలీ డాక్టరు అనే మాటకు అర్థం నిఘంటువులో వెతకనక్కరలేదు. తాతగారికి బి.పి. మందు రాసిన చేత్తోనే మనవడికి దగ్గు మందు రాసేవారే ఫ్యామిలీ డాక్టరు. పెళ్లికి ఆయన్ను పిలుస్తాం, గృహప్రవేశానికి పిలుస్తాం, అన్నదమ్ముల మధ్య తగవు వస్తే సర్దిచెప్పమని కూడా పిలుస్తాం. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సరిగ్గా ఈ పేరుతోనే ఒక కార్యక్రమం ప్రారంభించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు ప్రతి ఊరికీ వచ్చి చూడాలని అప్పుడు దాని ఉద్దేశం. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. మనల్నీ మన ఇంటినీ ఏళ్ల తరబడి ఎరిగిన డాక్టరు ఒకరుండాలన్న కోరిక మాత్రం జనంలో ఎప్పుడూ ఉన్నదే.

అయితే ఆ ఎరిగి ఉండడంలోనే బరువంతా ఉంది. పెద్ద ఆసుపత్రిలో గుండె డాక్టరు గుండెను చూస్తారు, రోగి వెళ్లిపోతాడు. ఊళ్లో డాక్టరుగారు అలా కాదు. ఆయన చేతుల మీదుగా పోయిన మనిషి భార్య మరునాడు సంతలో ఎదురవుతుంది. ఆ మనిషి కొడుకు ఈయన కొడుకుతో ఒకే బడిలో చదువుతుంటాడు. ఆదివారం గుడిలో ఆ కుటుంబం ముందు వరుసలో కూర్చుంటుంది.

మన డెల్టాలో ఒక డాక్టరుగారి గుమ్మంలోకి ఏమేమి వస్తాయో చూడండి. సార్వా నాట్ల రోజుల్లో గట్టు మీద పాము కరిచిన కూలీని మోసుకొస్తారు. కోనసీమలో కొబ్బరిచెట్టు మీద నుంచి పడిన దింపు కార్మికుణ్ణి మంచం మీద తెస్తారు. నడుము కింద స్పర్శ లేదని చేయి వేసిన క్షణంలోనే డాక్టరుగారికి తెలిసిపోతుంది. బయట ఆ మనిషి భార్య, "ఎన్నాళ్లకు చెట్టెక్కుతాడండీ?" అని అడుగుతుంది. భీమవరం పక్కన చేపల చెరువుల మీద కాపలా ఉండే మనిషి షుగరు పుండు ముదరబెట్టుకుని వస్తాడు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనికి వెళ్లిన అమ్మాయి తల్లి గుండెదడ అంటూ వస్తుంది. గుండె బాగానే ఉంటుంది. ఇంకొకరు గది బయటే డాక్టరుగారి చేయి పట్టుకుని, "క్యాన్సరని నాన్నగారికి చెప్పకండి, అల్సరని చెప్పండి," అని బతిమాలతారు. లోపల ఆ నాన్నగారు, "నిజం మీరైనా చెప్పండి డాక్టరుగారూ," అంటారు.

వీటన్నిటికీ డాక్టరుగారు ఏం చేస్తారు? చీటీ రాస్తారు. చీటీలో మందు పేరు, ఎన్ని పూటలు, అన్నానికి ముందా వెనకా అన్నంతవరకే చోటుంది. మిగిలినదంతా ఆయనతోపాటు ఇంటికి వస్తుంది. భోజనం దగ్గర 'ఏం లేదు' అన్న మాట వెనక ఉన్నది అదే.

రెండు కాగితాలు

డాక్టర్లకు రాయడం కొత్త కాదు. చదువుకున్న రోజుల నుంచి కేసు షీటు రాస్తూనే ఉంటారు. అది రోగి కోసం, తర్వాత వచ్చే డాక్టరు కోసం, అవసరమైతే చట్టం కోసం. అందులో మనిషి 'స్త్రీ, 52 సంవత్సరాలు' అవుతుంది. అలాగే ఉండాలి కూడా. డాక్టరుగారికి ఆమెను చూస్తే చనిపోయిన తన పెద్దక్క గుర్తొచ్చిందన్న విషయానికి అందులో చోటు లేదు.

అమెరికాలో న్యూయార్క్ నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ అనే డాక్టరమ్మ ఉన్నారు. ఆమె వైద్యంతోపాటు ఇంగ్లీషు సాహిత్యం కూడా చదివి డాక్టరేటు పొందారు. 1993లో ఆమె తన విద్యార్థులకు ఒక చిన్న అలవాటు నేర్పారు. ఆసుపత్రి కేసు షీటుకు జతగా ప్రతి విద్యార్థీ తన దగ్గర ఇంకొక షీటు ఉంచుకోవాలి. ఒక రోగిని చూసినప్పుడు నీకు మీ తాతగారు గుర్తొచ్చి దుఃఖం కలిగితే దాన్ని ఆసుపత్రి కాగితంలో రాయకూడదు, కానీ ఎక్కడో ఒకచోట రాసి తీరాలి, ఆ 'ఎక్కడో' ఈ రెండో షీటే అని ఆమె ఉద్దేశం. వారానికొకసారి ఆ షీట్లు పట్టుకుని విద్యార్థులు కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు.

అంతకు 40 ఏళ్ల ముందే లండన్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టరు ఇలాంటి పనే మాటలతో చేయించారు. ఆయన హంగరీ దేశస్థుడు. తండ్రి బుడాపెస్ట్‌లో మామూలు ప్రాక్టీసు చేసుకునే డాక్టరు. బాలింట్, ఆయన భార్య ఎనిడ్ 1950 ప్రాంతంలో కొద్దిమంది ఫ్యామిలీ డాక్టర్లను ఒకచోట కూర్చోబెట్టి, కాగితాలు చూడకుండా ఒక్కొక్కరిని ఒక రోగి గూర్చి మాట్లాడమనేవారు. ఏ రోగి? రోగం కష్టమైన రోగి కాదు. ఎవరు గుమ్మంలోకి రాగానే డాక్టరుకు 'అయ్యో, మళ్లీ వచ్చాడా' అనిపిస్తుందో ఆ రోగి. ఆ సంభాషణల సారాన్ని ఆయన 1957లో పుస్తకంగా తెచ్చారు. డాక్టరు ఇచ్చే మందులన్నిటిలో ఎక్కువగా వాడబడేది డాక్టరే అన్నది అందులోని ముఖ్యమైన తలంపు. ఏ మందుకైనా మోతాదు ఉంటుంది, దుష్ఫలితాలు ఉంటాయి. మరి ఈ మందు మోతాదు ఎవరు చూస్తారు? బాలింట్ పేరు మీద డాక్టర్ల బృందాలు నేటికీ చాలా దేశాలలో కూడుకుంటున్నాయి.

మన గడ్డ మీద రాసుకున్నవారు

ఇదంతా పరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆయన చూసినదాన్ని చూసినట్లు నోటుబుక్కులో బొమ్మలతో సహా రాసిపెట్టుకున్నాడు. అదే మనిషి అదే రోజుల్లో తన ఆనందాన్ని పద్యంగా కూడా రాసుకున్నాడు. దోమ లెక్క ఒక కాగితం మీద, మనసు లెక్క ఇంకొక కాగితం మీద! ఒకటి రెండోదాన్ని చెడగొట్టలేదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన ప్రాంతపు మిషన్ డాక్టరమ్మలను కూడా తలుచుకోవాలి. గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కూగ్లర్, రాజమండ్రిలో లూథరన్ ఆసుపత్రికి పునాది వేసిన లిడియా వోర్నర్, పిఠాపురంలో స్త్రీల వైద్యానికి జీవితమిచ్చిన జెస్సీ ఆలిన్ వంటివారు చూసిన రోగులను లెక్కపెట్టడం కష్టం. తమను పంపిన సంఘాలకు వారు క్రమంగా ఉత్తరాలు, నివేదికలు రాయవలసి ఉండేది. కూగ్లరమ్మగారు 1928లో, అంటే చనిపోవడానికి రెండేళ్ల ముందు, గుంటూరు ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాశారు. తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఒకరు అక్కడ రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించారు. అటువంటి సంగతులు నివేదికలకు ఎంతో అందం.

అయితే ఒక మాట గమనించండి. చందాలు పంపేవారికి రాసే ఉత్తరంలో బాగుపడిన రోగులే ఎక్కువగా కనబడతారు. అది సహజం. బాగుపడనివారి గూర్చి, అర్ధరాత్రి కాన్పులో తల్లీబిడ్డా ఇద్దరూ దక్కని రోజు గూర్చి రాయాలంటే చదివేవారు ఎవరూ లేని కాగితం కావాలి. మేము చెబుతున్న నోటుబుక్కు అదే.

ఈ విషయంలో వైద్యుడైన లూకా మనకు గుర్తుకురాక మానడు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథను మార్కు కూడా రాశాడు, లూకా కూడా రాశాడు. ఆమె వైద్యుల చేతుల్లో నానా తిప్పలూ పడి, ఉన్నదంతా పోగొట్టుకుని, ఇంకా క్షీణించిందని మార్కు మొహమాటం లేకుండా చెబుతాడు. లూకా తన తోటివారి మీద అంత కఠినంగా రాయలేదు. కానీ ఎవరివల్లా ఆమెకు నయం కాలేదన్న అసలు సంగతిని దాచనూ లేదు. తన వృత్తి గూర్చి రాసేటప్పుడు కఠినత్వమూ వద్దు, దాపరికమూ వద్దు అనడానికి ఇంతకన్న మంచి మాదిరి ఏముంటుంది?

తెలుగులో కథలు, నవలలు రాసిన డాక్టర్లు కూడా ఉన్నారు. కొమ్మూరి వేణుగోపాలరావుగారి 'హౌస్ సర్జన్' నవలను ఒక తరం పాఠకులు ఇష్టంగా చదివారు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ కేశవరెడ్డిగారు గొప్ప నవలలు రాశారు. వారికున్న వరం అందరికీ ఉండదు. మేము చెప్పే రాతకు ఆ వరం అక్కరలేదు. వ్యాకరణం తప్పినా, సగం తెలుగు సగం ఇంగ్లీషు అయినా, డాక్టర్ల దస్తూరీ ఎవరికీ అర్థం కాకపోయినా ఫరవాలేదు. అర్థం కాకపోతే ఇంకా మంచిది!

రాస్తే ఏమొస్తుంది?

ఇది న్యాయమైన ప్రశ్న. రాస్తే పోయినవారు తిరిగిరారు, వేచివున్న రోగుల వరుస తరగదు.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంగతిని గూర్చి రాయమన్నారు. ఇంకొందరిని మామూలు విషయాల గూర్చి రాయమన్నారు. బాధను రాసినవారికి రాసిన వెంటనే దిగులు పెరిగింది. కానీ జరిగిన సంగతినీ, దాని వలన తమకు కలిగినదానినీ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో అనారోగ్యంతో డాక్టరు దగ్గరకు వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత ఇటువంటి పరిశోధనలు చాలా జరిగాయి. మొత్తం మీద తేలిందేమంటే మేలు ఉంది, అది పెద్దది కాదు, అందరికీ ఒకేలా ఉండదు. కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణిగా మేము చెప్పడం లేదు.

మాకు కనబడే మేలు ఇంకొకటుంది. రాసేటప్పుడు మనిషి నెమ్మదిస్తాడు. రోజంతా పరుగెత్తిన బుర్ర కలం వేగానికి దిగుతుంది. అప్పుడు పొద్దున్న కంటికి కనబడి మనసుకు కనబడని సంగతులు పైకి వస్తాయి.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో ఏమి జరిగిందో మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. వారం రోజుల్లో ఐదు వందలమందికి పైగా ఆసుపత్రులకు వచ్చారు. చాలామంది కొద్దిసేపట్లోనే తేరుకున్నారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత పురుగుమందుల మీద అనుమానం అన్నారు. ఆ మొదటి రెండు మూడు రోజులు ఏలూరు డాక్టర్ల స్థానంలో మనల్ని ఊహించుకుందాం. తల్లి ఒళ్లో బిడ్డ కొట్టుకుంటుంటే, "ఇది ఏమిటండీ?" అని అడుగుతున్నారు. 'తెలియదు' అన్నది నిజమైన జవాబు. కేసు షీటులో ఆ ఒక్క మాట సరిపోతుంది. కానీ తెలియదని చెప్పవలసి వచ్చిన మనిషి లోపల ఆ రాత్రి ఏముంటుంది? కోవిడ్ కాలంలో ఆక్సిజన్ మంచం ఎవరికి ఇవ్వాలో నిర్ణయించవలసి వచ్చిన డాక్టరు లోపల ఏముండి ఉంటుంది? అటువంటి రోజులు ఎవరికీ చెప్పకుండా, ఎక్కడా రాయకుండా గడిచిపోతే అవి పోవు. విసుగుగా, కోపంగా, రోగి మొహం చూడకుండానే చీటీ రాసే అలవాటుగా మారి బయటికి వస్తాయి. ఆ నష్టం చివరికి రోగిదే.

ఎలా రాయాలి?

ఇందుకు పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఒక రూళ్ల నోటుబుక్కు, ఒక కలం, రాత్రి పది నిమిషాలు చాలు. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు:

1. ఈ రోజు చూసినవారిలో ఇంకా నా మనసులో కూర్చున్నది ఎవరు?
2. నేను కళ్లతో చూసింది, చెవులతో విన్నది ఏమిటి? (రోగ నిర్ణయం కాదు, చూసింది మాత్రమే.)
3. ఆ సమయంలో నాకేమనిపించింది? భయమా, విసుగా, జాలా, గర్వమా?
4. రేపు నేను వేరుగా చేయగలిగిన చిన్న పని ఏదైనా ఉందా?

నాలుగో ప్రశ్నకు ఒక్కొక్కరోజు 'లేదు' అన్నదే జవాబు. అది కూడా రాయండి. చేయవలసిందంతా చేశాక మిగిలే దుఃఖానికి పేరు దుఃఖమే. దాన్ని తప్పు అనుకుని మోయవద్దు.

ఒక మాదిరి చూడండి. ఇది ఎవరి కథా కాదు, ఎలా ఉంటుందో తెలియడానికి మేము కల్పించినది:

"సోమవారం. చివరగా వచ్చిన ఆమె. యాభై దాటి ఉంటుంది. ఈ నెలలో మూడోసారి తలనొప్పి. బి.పి. బాగుంది. కళ్ల పరీక్ష చేయించాను, బాగున్నాయి. నేను చీటీ రాస్తుంటే ఆమె బల్ల మీదున్న నా ఫోను వైపే చూస్తోంది. అది మోగగానే ఉలిక్కిపడింది. నాకు విసుగొచ్చింది. బయట ఇంకా పన్నెండుమంది ఉన్నారు, అది నిజమే. కానీ ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర మందు లేదని తెలిసి కూడా విసుగొచ్చింది. కూతురు కువైట్‌లో ఉందని తర్వాత ఆయా చెప్పింది. ఈసారి వస్తే ఫోను సొరుగులో పెట్టి, 'అమ్మాయి ఫోను చేస్తోందా అమ్మా?' అని అడగాలి."

ఇది పది పన్నెండు వాక్యాలే. రాయకముందు ఆమె 'మాటిమాటికీ తలనొప్పని వచ్చే మనిషి'. రాశాక ఆమె ఫోను కోసం ఎదురుచూస్తున్న తల్లి. మారింది రోగి కాదు, రోగం కాదు. డాక్టరుగారి చూపు మారింది. వచ్చే సోమవారం ఆయన రాసే చీటీలో మందు అదే ఉండవచ్చు, లేక అసలు మందే ఉండకపోవచ్చు. అడగవలసిన ప్రశ్న మాత్రం దొరికింది.

కష్టమైనవే రాయాలని లేదు. బోదకాలు వాపుకు పదేళ్లుగా కట్టు కట్టించుకునే ముసలాయన పెరట్లో కాసిన మామిడిపళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, "డబ్బులకు కాదండోయ్," అన్న రోజును కూడా రాయండి. ఎండిన రోజుల్లో వెనక్కి తిప్పి చదువుకోవడానికి అటువంటి పేజీలు పనికొస్తాయి.

మూడు జాగ్రత్తలు

మొదటిది రహస్యం. రోగి చెప్పినది రోగి సొత్తు. 2002లో అమలులోకి వచ్చిన భారత వైద్య మండలి నీతి నియమావళి కూడా ఈ సంగతిని గట్టిగానే చెప్పింది. పట్నంలో పేరు తీసేస్తే సరిపోతుందేమో గాని మన ఊళ్లలో సరిపోదు. 'చెట్టు మీద నుంచి పడ్డ దింపు కార్మికుడు, ఇద్దరు ఆడపిల్లలు' అని రాస్తే లంకంతా పోల్చుకుంటుంది. కాబట్టి ఊరు మార్చండి, వయసు మార్చండి, పేరుకు బదులు ఒక అక్షరం కూడా వద్దు. నోటుబుక్కు క్లినిక్కులో వదలవద్దు. దానిలో పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం రోగిని వీధిలో నిలబెట్టడంతో సమానం. నిండిన పుస్తకాన్ని కాల్చేయాలనిపిస్తే కాల్చేయండి. రాయడంలోని మేలు అప్పటికే మీకు అందింది.

రెండోది, ఈ నోటుబుక్కు కేసు షీటుకు బదులు కాదు. రోగికి చేసిన వైద్యం, ఇచ్చిన మందు, చెప్పిన సలహా అసలు రికార్డులో ఉండవలసిందే. అదే నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, అడిగినవారికి 72 గంటల్లో ఇవ్వాలి. సొంత నోటుబుక్కు ఎన్నటికీ కోర్టుకు వెళ్లదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. 2018లో బ్రిటన్‌లో ఒక యువ డాక్టరు పేరును రిజిస్టరు నుంచి తొలగించినప్పుడు (అప్పీలులో ఆమెను తిరిగి చేర్చారు) తాము రాసుకున్న ఆత్మపరిశీలనను తమ మీదికే తెస్తారేమోనని అక్కడి డాక్టర్లు చాలామంది భయపడ్డారు. భయపడి మానేయనక్కరలేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు లేకుండా, తన మనసు గూర్చి రాసుకుంటే చాలు.

మూడోది, బలవంతం వద్దు. 2019 నుంచి మన దేశంలో ఎం.బి.బి.ఎస్. చదువులో వైఖరి, నీతి, సంభాషణ నేర్పే భాగం ఒకటి వచ్చింది. కాకినాడ రంగరాయ కళాశాల పిల్లలైనా, వెల్లూరు పిల్లలైనా అందులో భాగంగా తమ అనుభవాలను తరచి చూసి రాయాలి. ఉద్దేశం చాలా మంచిది. కానీ మార్కుల కోసం రాస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. సీనియరు రాసినదాన్ని జూనియరు దించుతాడు. మేష్టరుగారు సంతకం పెడతారు. చేతిరాత ఉంటుంది గాని ఎవరి మనసూ అందులో ఉండదు. మన పిల్లలు వైద్య కళాశాలల్లో ఉంటే కాలేజీ రికార్డు వేరు, నీ సొంత పుస్తకం వేరు అని వారికి మెల్లగా చెప్పండి.

ఇంట్లో వారికి ఒక మాట

డాక్టరుగారు రాసుకునే పుస్తకాన్ని చదవవద్దు. భార్య అయినా, భర్త అయినా, తల్లి అయినా వద్దు. అనుమానం వల్ల కాదు, ప్రేమ వల్ల అయినా వద్దు. ఎవరైనా చదువుతారని తెలిస్తే కలం జాగ్రత్తపడుతుంది, జాగ్రత్తపడిన కలం నిజం రాయదు. మీరు చేయగలిగిన సహాయం వేరే ఉంది. ఆ పది నిమిషాలు ఫోను మీరు తీయండి. "అర్జెంటా అమ్మా? కాకపోతే పావుగంట ఆగి చెయ్యండి," అనండి. పిల్లలను పక్క గదిలో కూర్చోబెట్టండి. రాసి వచ్చాక ఆయన మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే ఒక కప్పు టీ ఇవ్వండి.

రాయడం ఒక్కటే చాలని కూడా అనుకోవద్దు. కొన్ని బరువులు కాగితం మోయగలవు, కొన్ని మనుషులే మోయాలి. ఒకే పట్టణంలో ఉన్న నలుగురైదుగురు డాక్టర్లు నెలకొకసారి ఎవరింట్లోనైనా కూర్చుని, బాలింట్ బృందంలా ఒక్క రోగి గూర్చి పేరు లేకుండా మాట్లాడుకోవచ్చు. అమలాపురంలోనో తణుకులోనో ఇది అసాధ్యమైన పనా? మందుల కంపెనీవారి భోజనాలకు కూడుకుంటున్నాం గదా, ఇందుకు ఒక సాయంకాలం దొరకదా?

ఇక నిద్ర పూర్తిగా పోయినా, సాయంకాలమయ్యేసరికి సీసా లేనిదే గడవకపోయినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారైనా నోటి వెంట వచ్చినా అది నోటుబుక్కుతో తీరే సంగతి కాదు. వెంటనే ఇంకొక డాక్టరును కలవాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్లు ఇతరులను పంపడంలో ఉన్నంత త్వరగా తాము వెళ్లరు. అందుచేత చేయి పట్టుకుని తీసుకెళ్లవలసిన బాధ్యత ఇంట్లో వారిదే.

డాక్టరు కాని పాఠకులకు కూడా ఒక చిన్న పని ఉంది. ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు, చీటీ తీసుకుని లేచేముందు, "మీరు బాగున్నారా డాక్టరుగారూ?" అని అడిగి చూడండి. ఆయన నవ్వి ఊరుకోవచ్చు. బయట వరుస పెద్దగా ఉంటే ఎక్కువసేపు నిలబడకండి. అడిగి వచ్చేయండి.

ఇంట్లో డాక్టరున్నవారు ఈ వారమే బజారులో ఒక రూళ్ల నోటుబుక్కు కొని ఆయన బల్ల మీదనో ఆమె సంచిలోనో పెట్టండి. మొదటి పేజీ మీద మీరేమీ రాయకండి. అది వారిది.